పిల్లల తల దెబ్బలు – నాలుగవ పాఠం: స్కాన్ చూపించనిది

ఈ వారం రెండేళ్లలోపు పసిపిల్లల గురించి చెబుతానన్నాను కాని, మూడవ పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక దానిని వాయిదా వేయక తప్పలేదు. ఆ అభ్యాసంలో, కొబ్బరితోటలో క్రికెట్ ఆడుతూ మరొకరిని ఢీకొన్న తొమ్మిదేళ్ల బాలుడు స్పృహ తప్పలేదు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, అడిగినదే మళ్లీ అడుగుతున్నాడు. అడిగినదే అడగడం వల్ల తలకు సి.టి. స్కాన్ అవసరమని అందరూ సరిగానే గుర్తించారు. ఆ స్కాన్ బాగుందని చెప్పగానే చాలామంది "కన్‌కషన్ లేదు, రేపు బడికి వెళ్లవచ్చు" అని రాశారు. కన్‌కషన్ అంటే దెబ్బ కుదుపుకు మెదడు పనితీరు కొంతకాలం తప్పడం. ఈ పొరపాటులో నా వంతు ఉంది: స్కాన్ ఎప్పుడు తీయాలో పాఠమంతా చెప్పి, అది దేనిని చూపలేదో ఒక్క వాక్యంలో దాటేశాను.

సి.టి. నెత్తురును, విరిగిన ఎముకను చూపుతుంది. కన్‌కషన్‌లో దెబ్బతినేది ఆకారం కాదు, పనితీరు. కుదుపుకు నాడీతంతువులు సాగి, కణాలలోని పొటాషియం బయటికీ, బయటి కాల్షియం లోపలికీ చేరుతాయి. ఆ తారుమారును సరిచేసుకోవడానికి మెదడుకు శక్తి ఎక్కువగా కావలసిన సమయంలోనే రక్తప్రసరణ తగ్గుతుంది. గోదావరి గట్టు తెగలేదని చూసి చేలో నీరు నిలవలేదని ఏ రైతూ అనుకోడు. అలాగే, మామూలుగా ఉన్న స్కాన్ కన్‌కషన్‌ను కొట్టివేయదు. ఆ రోగ నిర్ణయం మాటలోనూ, నడకలోనూ, జ్ఞాపకంలోనూ దొరకాలి. స్పృహ తప్పడం కూడా గీటురాయి కాదు, ఎందుకంటే కన్‌కషన్ వచ్చిన పిల్లల్లో అత్యధికులు స్పృహ కోల్పోరు.

శ్వాస, మెడ, గ్లాస్గో స్కోరు (స్పృహ ఎంత ఉందో కొలిచే లెక్క) చూడడం మీకు చేయి తిరిగిన పనులు కనుక వాటిని వదిలి, నా పద్ధతి చెబుతాను. దెబ్బకు ముందు ఏమి చేస్తున్నావని, ఇక్కడికి ఎవరు తెచ్చారని అడిగి, వారాల పేర్లు వెనుక నుంచి చెప్పించి, గీత మీద నడిపిస్తాను. ఆ తరువాత తల్లిని "ఎప్పటి బిడ్డలాగే ఉన్నాడా?" అని అడుగుతాను, ఆమె లేదంటే నా పరీక్ష కంటే ఆ మాటకే ఎక్కువ విలువ ఇస్తాను. తలపై కొబ్బరిమట్ట పడిన ఒక ఏడవ తరగతి బాలిక నా ప్రశ్నలన్నిటికీ సరిగా చెప్పింది కాని, "దీపం వెలుగు చూడలేకపోతోంది" అన్న తల్లి మాటే రోగాన్ని పట్టించింది.

ఇంటికి పంపేటప్పుడు ఒకటి రెండు రోజుల విశ్రాంతి చెప్పండి. అంటే చీకటి గదిలో బంధించడం కాదు, ఇంట్లో మెల్లగా తిరగవచ్చు, ఫోను మాత్రం తగ్గించాలి. నొప్పికి పారాసెటమాల్, కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. పరీక్షించి పంపిన బిడ్డను నిద్రపోనివ్వవచ్చు. బడి మెల్లగా మొదలుపెట్టి, పూర్తి రోజు ఇబ్బంది లేకుండా గడిచిన తరువాతే ఆటను మెట్టుమెట్టుగా, మెట్టుకు కనీసం 24 గంటల చొప్పున ఇవ్వాలి. మన ప్రాంతంలో ఆట అంటే కాలువలో ఈత, చెట్లెక్కడం, సైకిలు కూడా అని విడిగా చెప్పండి. తలనొప్పి పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మూర్ఛ వచ్చినా, లేపితే లేవకపోయినా, కాలో చెయ్యో బలహీనపడినా వెంటనే 108కు ఫోన్ చేయమనండి. పడవలో ఏరు దాటి నది నడుమ లంకకు వెళ్లవలసిన కుటుంబాన్ని చీకటి పడ్డాక నేను పంపను. తెల్లవారేదాకా వార్డులోనే ఉంచుతాను.

అభ్యాసం: పై సూచనలన్నిటినీ, చదువురాని నాయనమ్మ ఒక్కసారి విని తిరిగి చెప్పగలిగేలా, ఓపీ చీటీ వెనుక ఆరు వాక్యాలలో రాయండి. దానిని నిజంగా ముగ్గురికి చదివి వినిపించి, వారు తిరిగి చెప్పినది ఉన్నదున్నట్టు రాసి పంపండి.