కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో చేరేవారికి ఒక లెక్కల టీచరు చెప్పేది

నేను కాలిఫోర్నియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే మొదటి రెండేళ్లు చదివి యూనివర్సిటీకి బదిలీ కాగలిగే ప్రభుత్వ కాలేజీలో, కాలిక్యులస్ బోధిస్తాను. ఏటా వసంతకాలంలో మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అమ్మాయికి అనుకున్న చోట సీటు రాలేదండీ, మీ కాలేజీలో చేర్పించమంటారా?" అని అడుగుతారు. పరామర్శకు వచ్చినవాళ్లలా గొంతు తగ్గించి మరీ! నిక్షేపంగా చేర్పించండి. అయితే రెండేళ్ల తర్వాత ఏ యూనివర్సిటీకి, ఏ మేజర్‌కి (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టుకు) వెళ్లాలో ముందు అనుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ రండి.

ఆ లెక్కకు అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ఉంది. ఒకవైపు మీ కాలేజీ, మరోవైపు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్ లాంటి క్యాంపస్, ఆపైన మేజర్ ఎంచుకోండి. అక్కడి ఏ కోర్సుకు ఇక్కడి ఏ కోర్సు సరిపోతుందో పక్కపక్కనే చూపిస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసుకుని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. "ఏం తీసుకోమంటారు?" అని ఉత్తచేతులతో వెళ్లిన పిల్లలకూ, ఆ కాగితంతో వెళ్లిన పిల్లలకూ దొరికే సమాధానాల్లో చాలా తేడా ఉంటుంది. మేజర్‌కు కావలసిన కోర్సులతో పాటు జనరల్ కోర్సులూ ఉంటాయి. 2025 ఫాల్ (వేసవి తర్వాత మొదలయ్యే టర్మ్) నుంచి కొత్తగా చేరినవారికి యూసీ, సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) రెండింటికీ కాల్-గెట్‌సీ అనే ఒకే పట్టిక వర్తిస్తుంది. అయితే ఇంజనీరింగ్ పిల్లలు ముందు లెక్కలు, ఫిజిక్స్ వరుస చూసుకోవాలి. కాలిక్యులస్ ఒక టర్మ్ ఆలస్యమైతే దాని వెనక ఉన్నవన్నీ ఆలస్యమవుతాయి.

ఫీజు సంగతి. కోర్సుల బరువును యూనిట్లలో (క్రెడిట్లలో) లెక్కిస్తారు. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు 46 డాలర్లు. బదిలీకి సాధారణంగా కావలసిన 60 యూనిట్లకు 2,760 డాలర్లు, ఆపైన హెల్త్ ఫీజు లాంటి చిల్లర ఖర్చులు. తక్కువ ఆదాయం ఉన్న నివాసులకు కాలేజ్ ప్రామిస్ గ్రాంట్ ఆ యూనిట్ ఫీజునే మాఫీ చేస్తుంది. హెచ్-4 వీసా (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్నవారు కూడా ఏడాదికి పైగా ఇక్కడే స్థిరంగా ఉంటున్నట్టు చూపితే నివాసులుగా లెక్కకు రావచ్చు. ఇంటి అద్దె ఒప్పందం, పన్ను పత్రాలు దగ్గర పెట్టుకోండి. ఎఫ్-1 (విద్యార్థి వీసా) విద్యార్థులకు ఆ వెసులుబాటు లేదు, వారు నాన్‌రెసిడెంట్ ట్యూషన్ కట్టాల్సిందే.

దరఖాస్తుకు రుసుము లేదు, ప్రవేశ పరీక్షా లేదు. లెక్కల్లో ఎక్కడ మొదలుపెట్టాలో చాలావరకు హైస్కూల్ మార్కులను బట్టే తేలుతుంది. ఓరియంటేషన్, ప్లేస్‌మెంట్, ఎడ్యుకేషన్ ప్లాన్ మూడూ పూర్తిచేసిన కొత్త విద్యార్థికి రిజిస్ట్రేషన్ తేదీ ముందుగా వస్తుంది. ఇది బద్ధకించి చివర్లో వచ్చిన పిల్లలకు కెమిస్ట్రీ ల్యాబుల్లో ఖాళీలు మిగలవు.

సీటు దొరకకపోతే వెయిట్‌లిస్టులో పేరు పెట్టి, మొదటి రోజు తప్పకుండా క్లాసుకు రండి. చెప్పాపెట్టకుండా మానేసిన వారిని మేం తీసేస్తాం, ఆ ఖాళీ ఎదురుగా కూర్చున్నవారికే వెళ్తుంది. నాకు ఈమెయిళ్లు పంపే తండ్రులు చాలామందే ఉన్నారు. వాటివల్ల సీటు రాదు, పైగా విద్యార్థి అనుమతి లేకుండా తల్లిదండ్రులతో చదువు వివరాలు మాట్లాడటానికి చట్టం ఒప్పుకోదు.

క్లాసు బరువనిపిస్తే డ్రాప్ గడువులు చూసుకోండి. మొదటి గడువులోగా మానుకుంటే రికార్డులో ఏమీ పడదు, ఆ తర్వాత 'డబ్ల్యూ' (విత్‌డ్రా, అంటే మధ్యలో మానుకున్నట్టు గుర్తు) పడుతుంది. ఎఫ్ కన్నా డబ్ల్యూ నయం. అంతదాకా రాకముందే ఆఫీస్ అవర్స్‌కు వచ్చి కూర్చుంటే ఇంకా నయం. ట్యూటరింగ్ కూడా ఉచితమే. యూనివర్సిటీలో కొన్ని వందల మంది మధ్య వినే పాఠాన్ని ఇక్కడ ఒక గదికి సరిపడే మందితో కూర్చుని వింటారు. అడగడానికి మొహమాటపడితే ఆ లాభం పోయినట్టే.

హైస్కూల్లో ఉండగానే కొన్ని కోర్సులు చేయవచ్చు, వాటికి చాలా కాలేజీలు యూనిట్ ఫీజు తీసుకోవు. కానీ ఆ గ్రేడు కాలేజీ రికార్డులో శాశ్వతంగా ఉండిపోతుంది. పదోతరగతి పిల్లవాడిని సరదాకు చేర్పించకండి.

చివరిగా ట్యాగ్, అంటే ముందే ఇచ్చే ప్రవేశ హామీ. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ యూసీ క్యాంపస్‌లు ఇస్తాయి. వాటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో ఇవ్వవు. ఇచ్చేచోట కూడా కంప్యూటర్ సైన్స్ లాంటి మేజర్లను కొన్ని క్యాంపస్‌లు మినహాయిస్తాయి. ఫాల్‌లో చేరాలంటే అంతకుముందు ఏడాది సెప్టెంబరు 1 నుంచి 30 లోగా పంపాలి. కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ ఆగస్టులోనే తీసుకోండి, సెప్టెంబరు చివరి వారంలో వాళ్లు దొరకరు.