ఐసీయూ చార్టు చదవడం, 4వ పాఠం: క్రిమి లేని జ్వరం

ముందు పోయిన పాఠం లెక్క. బీపీ 90/60, పల్స్ 120. పల్స్‌ని పై బీపీతో భాగిస్తే 1.33 వస్తుంది. ఒకటి దాటితే లోపల ఎక్కడో రక్తం పోతోందేమోనని అనుమానించాలి. 0.75 వచ్చినవాళ్లు తిరగేసి భాగించారు. నర్సింగ్ మొదటి ఏడాదిలో నేనూ అదే చేశాను, సిగ్గుపడకండి.

ఇవాళ్టికి ఒక నోటు పుస్తకం, నీలం పెన్ను, ఎర్ర పెన్ను దగ్గర పెట్టుకోండి. కింది చార్టు పాఠం కోసం నేను అల్లింది. బైకు మీద వెళ్తూ ఆగి ఉన్న లారీని గుద్దిన 24 ఏళ్ల కుర్రాడు. కుడి తొడ ఎముక, నాలుగు పక్కటెముకలు విరిగాయి. దీన్ని చేత్తో నోటు పుస్తకంలోకి ఎక్కించండి. ఫోనులో ఫొటో తీసుకుంటే అంకెలు బుర్రకెక్కవు. టోటల్ కౌంట్ అంటే రక్తంలో తెల్లకణాల లెక్క. సీఆర్‌పీ అంటే గాయమో క్రిమో తగిలితే రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్.

1వ రోజు: టెంపరేచర్ 96.2, పల్స్ 128, శ్వాస 26, టోటల్ కౌంట్ 18,400, సీఆర్‌పీ 14
2వ రోజు: 100.8, 112, 24, 14,200, సీఆర్‌పీ 148
3వ రోజు: 100.6, 104, 22, 12,600, సీఆర్‌పీ 190
4వ రోజు: 99.8, 96, 20, 10,800, సీఆర్‌పీ 132
5వ రోజు: 99.4, 88, 18, 9,600, సీఆర్‌పీ 81
6వ రోజు: 102.1, 118, 28, 17,900, సీఆర్‌పీ 176

ఇప్పుడు ఎర్ర పెన్ను తీయండి. 1991లో అమెరికాలో ఛాతీ వైద్యుల సంఘం, క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం కలిసి కూర్చుని నాలుగు గుర్తులు ఖాయం చేశాయి. టెంపరేచర్ 100.4 దాటడం లేదా 96.8 కంటే తగ్గడం. పల్స్ 90 దాటడం. శ్వాస నిమిషానికి 20 దాటడం. టోటల్ కౌంట్ 12,000 దాటడం లేదా 4,000 కంటే తగ్గడం. నాలుగింటిలో రెండు ఉంటే ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్‌లో, అంటే దెబ్బకో క్రిమికో ఒంటి రక్షణ వ్యవస్థ రేపే వాపులో ఉన్నట్టు. దీన్ని సిర్స్ అంటారు. 2016లో సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) నిర్వచనం మార్చినప్పుడు దీన్ని పక్కన పెట్టారు. క్రిమి ఉన్నా లేకపోయినా ఇది ఒకేలా మోగుతుందన్నది దాని మీద ఫిర్యాదు. గాయపడ్డవాళ్ల చార్టు నేర్చుకునేవాళ్లకు మాత్రం ఆ లోపమే మంచి పాఠం, అందుకే వదలను.

గీత దాటిన ప్రతి అంకెకూ ఎర్ర సున్నా చుట్టండి. సీఆర్‌పీ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మొదటి మూడు రోజులూ నాలుగేసి సున్నాలు రావాలి. నాలుగో రోజు ఒక్కటే, పల్స్‌కి. శ్వాస 20 దగ్గర ఆగింది కదా, దాటలేదు. అయిదో రోజు ఏమీ లేవు. ఆరో రోజు మళ్లీ నాలుగు.

రెండో రోజు రాత్రి ఈ చార్టు మీ చేతిలో ఉందనుకోండి. కుర్రాడి అన్నయ్య అద్దం తలుపు దగ్గర నిలబడి అడుగుతాడు, "సిస్టర్, జ్వరం వచ్చిందంట, చీము పట్టిందా?" నేను ఐసీయూలో చేరిన కొత్తలో ఇలాంటి ప్రశ్నకే తడబడి, "అయ్యుండొచ్చు బాబూ" అనేశాను. తెల్లారేసరికి బంధువులంతా డ్యూటీ డాక్టర్ని చుట్టుముట్టారు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షల రిపోర్టుల్లో ఒక్క క్రిమీ పెరగలేదు. మరి నూటికి పైబడిన ఆ జ్వరం ఎక్కణ్నించి వచ్చినట్టు?

మన కణాల్లో మైటోకాండ్రియా ఉంటాయి, బడిలో చదువుకున్నవే. వందకోట్ల ఏళ్లకంటే చాలా ముందు అవి విడిగా బతికిన బ్యాక్టీరియా. తర్వాత పెద్ద కణంలోకి వచ్చి స్థిరపడ్డాయి. ఎన్ని తరాలు గడిచినా పుట్టినూరి యాస పోలేదన్నమాట. వాటి డీఎన్‌ఏ ఇప్పటికీ బ్యాక్టీరియాలో లాగే గుండ్రంగా చుట్టుకుని ఉంటుంది. అవి తయారుచేసే ప్రోటీన్ల మొదట్లో బ్యాక్టీరియా పెట్టే ముద్రే ఉంటుంది. కణం పొర గట్టిగా ఉన్నంతకాలం ఆ యాస బయటికి వినపడదు. తొడ కండ నలిగి, ఎముకలోని మజ్జ చితికిపోతే అదంతా రక్తంలోకి ఒలికిపోతుంది. తెల్లకణాలకు ఆ యాస వినపడితే చాలు, శత్రువు దిగాడనుకుని కేకలు మొదలుపెడతాయి. తీవ్రంగా గాయపడ్డవాళ్ల రక్తంలో ఈ మైటోకాండ్రియా ముక్కలు తిరుగుతున్నాయని, అవే తెల్లకణాలను రెచ్చగొడుతున్నాయని 2010లో బోస్టన్ పరిశోధకులు చూపించారు. అందుకే క్రిమి లేకుండానే జ్వరం వస్తుంది.

మొదటి రోజు 96.2 ఉండటం చూసి థర్మామీటర్ని తిట్టకండి. రక్తం పోయి, ఒళ్లు చల్లబడి, శరీరం ఖర్చు తగ్గించుకున్న గంటలవి. గ్లాస్గోలో డేవిడ్ కత్‌బర్ట్‌సన్ గాయం తర్వాతి దశలను 1942లో సముద్రంతో పోల్చి, మొదట ఆటు, తర్వాత పోటు అన్నాడు. రెండో రోజు నుంచి మన కుర్రాడిది పోటు. కౌంట్ ఆరేడు గంటల్లోనే 18,400 కావడం కూడా వింతేం కాదు. రక్తనాళాల గోడలకు ఆనుకుని కూర్చున్న తెల్లకణాలను దెబ్బ ధాటికి ఊరే అడ్రినలిన్ హార్మోన్ ఒక్కసారిగా లేపేస్తుంది, మజ్జలో నిల్వ ఉన్నవీ వచ్చి కలుస్తాయి.

ఇక సీఆర్‌పీ. దీన్ని కాలేయం తయారుచేస్తుంది. గాయం తగిలిన ఆరు గంటలకు కదులుతుంది, రెండు రోజులకు అటూఇటూగా శిఖరానికి చేరుతుంది. కాబట్టి మొదటి రోజు 14 చూసి "తక్కువే ఉందిలే" అనుకోకూడదు, మూడో రోజు 190 చూసి గుండెలు బాదుకోకూడదు. తయారీ ఆగిపోతే దాదాపు 19 గంటలకు సగం అవుతుంది. వార్డులో అంత చకచకా దిగదు, కొద్దికొద్దిగా తయారవుతూనే ఉంటుంది గనక. అయినా దిగుతూ ఉండాలి. ఇంకో చిక్కుంది. కొన్ని ల్యాబులు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో రాస్తాయి, కొన్ని డెసీలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు రాస్తాయి. ఒక ల్యాబులో 190 ఉన్నది ఇంకో ల్యాబులో 19 అవుతుంది. పదింతలు తగ్గిందని స్వీట్లు పంచకముందు యూనిట్లు చూడండి.

ఆరో రోజుకి వద్దాం. 190, 132, 81 అని దిగుతున్నది ఉన్నట్టుండి 176కి ఎగబాకింది. సున్నాల్లేని రోజు తర్వాత నాలుగు సున్నాలు. రెండో రోజుకీ ఆరో రోజుకీ ఎర్ర సున్నాల లెక్క ఒకటే, అర్థం మాత్రం ఒకటి కాదు. దిగి మళ్లీ ఎక్కిన జ్వరానికి ఇన్‌ఫెక్షన్‌ని మొదట అనుమానించాలి. పక్కటెముకలు విరిగినవాడు నొప్పికి గట్టిగా దగ్గడు, కఫం ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోతుంది. శ్వాస 28 అటే వేలు చూపిస్తోంది. ఈ అంకెలు చూడగానే డాక్టర్ని లేపాలి, ఉదయం రౌండ్ల దాకా ఆగకూడదు.

ఆరో రోజే ఎందుకు? గాయం తర్వాత రోగనిరోధక శక్తి ముందు రెచ్చిపోయి, అలిసి, ఆ తర్వాత పడిపోతుందని చాలాకాలం చెప్పుకున్నారు. 2011లో అమెరికాలో 167 మంది క్షతగాత్రుల తెల్లకణాలను పరీక్షిస్తే, జన్యువుల్లో 80 శాతానికి పైగా పనితీరు మారిపోయి కనిపించింది. రెచ్చగొట్టేవీ అణిచేవీ ఒకేసారి మొదలయ్యాయి. అంటే మనం రెండో రోజు జ్వరం చూస్తున్నప్పుడే, క్రిమిని పట్టే శక్తి లోపల సన్నగిల్లుతూ ఉంటుంది. వాపును చూసి బలుపనుకోవడం అంటే ఇదే.

"మరి ఆ వాపేదో స్టెరాయిడ్ ఇచ్చి తగ్గించెయ్యొచ్చుగా" అని క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. తలకు గాయమైన పదివేల మంది మీద ఆ పనే చేసి చూశారు. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 21 శాతం, తీసుకోనివాళ్లలో 18 శాతం. ప్రయోగం మధ్యలోనే ఆపేశారు.

"ఇన్ని రోజులైంది, తొడలో రాడ్డు ఎందుకెయ్యలేదు, బయట ఇనప చువ్వలు పెట్టి వదిలేశారేంటి?" అనే ప్రశ్నకూ జవాబు చార్టులోనే ఉంది. మొదటి రోజు నాలుగు సున్నాలున్న ఒంటి మీద పెద్ద ఆపరేషన్ అంటే గోరుచుట్టు మీద రోకటి పోటు. మజ్జను తొలిచినప్పుడల్లా ఆ యాస మళ్లీ రక్తంలోకి ఒలుకుతుంది. అలాంటప్పుడు చువ్వలతో ఎముకను కదలకుండా నిలబెట్టి, పోటు తగ్గాక లోపలి రాడ్డు వేస్తారు.

చార్టులో రాయని ఒక కాలమ్ తిండిది. కత్‌బర్ట్‌సన్ పేరు నిలిచింది ఎముకలు విరిగినవాళ్ల మూత్రంలో నత్రజని కొలిచినందుకు. కాలు విరిగితే ఒంట్లో మిగతా కండ కూడా కరిగి మూత్రంలో పోతోందని 1930ల్లోనే తేల్చాడు. మన ఇళ్లలో సరిగ్గా అప్పుడే "పప్పు తింటే చీము పడుతుంది" అని పప్పూ గుడ్డూ మానిపించి, చారన్నం పెడతారు. మా అమ్మమ్మ దగ్గర ఈ వాదనలో నేను ఎప్పుడూ గెలవలేదు. మీరైనా గెలవండి. డాక్టర్ నోటి ద్వారా పెట్టమన్న రోజు నుంచీ పప్పు పెట్టించండి.

ఇక ఇంటి పని. ఇదీ నేను అల్లిందే. డెబ్బై ఏళ్ల పెద్దాయన మెట్ల మీద నుంచి పడ్డారు, తుంటి విరిగింది. బీపీకీ గుండెకీ రోజూ మెటొప్రొలాల్ అనే మాత్ర వేసుకుంటారు. అయిదో రోజు టెంపరేచర్ 96.4, పల్స్ 84, శ్వాస 26, టోటల్ కౌంట్ 3,600. "జ్వరం లేదు, పల్స్ బాగుంది, నాన్నగారు చల్లగా పడుకున్నారు" అంటోంది కూతురు. ఎర్ర సున్నాలు ఎన్ని? పల్స్ 84 దగ్గరే ఎందుకు ఆగింది? ఆ అమ్మాయికి మీరేం చెప్తారో ఒక్క వాక్యంలో రాసి ఉంచండి. అయిదో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.