ఉపమానాన్ని ఎక్కడి నుండి చదవాలి

పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగు సంఘాలలో వాక్యధ్యానానికి కూర్చునేవారు ఉపమానాన్ని దాని ముందున్న వచనాల నుండే చదవాలి. దొంగలు కొట్టి విడిచిన ఒకనిని ఆదుకున్న మంచి సమరయుని కథ లూకా 10:30లో ఆరంభమైనా, దానికి కారణమైన “నా పొరుగువాడెవడు?” అనే ధర్మశాస్త్రోపదేశకుని ప్రశ్న 29వ వచనంలో ఉంది. కథ చివర యేసు ఆ ప్రశ్నను తిప్పి, దొంగల చేతిలో చిక్కినవానికి పొరుగువాడైనది ఎవరని అడిగినప్పుడు, ధర్మశాస్త్రోపదేశకుడు ‘సమరయుడు’ అనే మాట పలకకుండా “అతనిమీద జాలి పడినవాడే” అంటాడు. ఇక్కడ తప్పక ఆగండి; యూదులు సమరయులతో సాంగత్యం చేయరన్న యోహాను 4:9ని కలిపి చదవండి. తెలుగువారు, ఒడియావారు, సవరలు కలిసి బ్రతికే మన ఊళ్లలో ఎవరి చేతి సాయం అందుకోవడానికి మన మనసు వెనుకాడుతుందో కూడికలో నిజాయితీగా మాట్లాడుకోండి.

ప్రతి వివరానికీ మర్మార్థం వెదకనక్కరలేదు. సంఘపితరుడు, అంటే ప్రాచీన సంఘ గురువు, అయిన అగస్టీను, సమరయుడు గాయపడినవానిని అప్పగించిన పూటకూళ్లవానిని అపొస్తలుడైన పౌలుగా చెప్పాడు. ఆ భక్తి గౌరవనీయమే గాని, లూకా వచనాలలో దానికి ఆధారం కనబడదు. సమరయుడు పూటకూళ్లవానికిచ్చిన రెండు దేనారములంటే, మత్తయి 20:2 ప్రకారం, రెండు రోజుల కూలి అని గ్రహిస్తే చాలు. విత్తువాని ఉపమానం వేరు: దాని వివరాలకు మత్తయి 13:18-23లో యేసే అర్థం చెప్పాడు కనుక ఆ వివరణనే అనుసరించాలి.