దసరా సేల్ రాత్రుల్లో కిల్ కొట్టే ముందు

దసరా సేల్ వారం వచ్చిందంటే మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో చాలామందికి నైట్ డ్యూటీ పడుతుంది. రాత్రి రెండింటికి సర్వర్ బిగుసుకుపోతుంది, ఫోన్ మోగుతుంది, నిద్రకళ్లతో టెర్మినల్ తెరుస్తాం. పొరపాట్లు జరిగేది ఆ ఘడియలోనే. కిల్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని, అంటే ప్రాసెస్‌ని, ఆపే కమాండ్. అది కొట్టేముందు ఏం చూసుకోవాలో, మొదటిసారి ఆన్‌కాల్‌లో కూర్చుంటున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఈ నాలుగు మాటలు.

ముందు ఏ మెషీన్ మీదున్నారో చూసుకోండి. మెషీన్ పేరు చెప్పే హోస్ట్‌నేమ్, ఏ యూజర్‌గా ఉన్నారో చెప్పే హూయామై రెండూ కొట్టండి. టెస్టూ, కస్టమర్లు వాడే ప్రొడక్షనూ పక్కపక్క విండోల్లో అచ్చం ఒకేలా ఉంటాయి. ప్రొడక్షన్ విండోకి ఎర్ర రంగు పెట్టుకుంటే ఇంకా మంచిది. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్‌గా లాగిన్ అయి కూర్చోకండి. బలవంతంగా చంపే కిల్ మైనస్ 9 తర్వాత పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఉండాల్సిన చోట మైనస్ 1 పడిందా, రూట్ చేతిలో ఇనిట్ (మెషీన్‌లో మొదట లేచే ప్రాసెస్) తప్ప మొత్తం పోతుంది.

నంబరుతో కాకుండా పేరుతో చంపే పీకిల్ దగ్గర మాత్రం చెయ్యి ఆగాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఇరుక్కుపోయిన ఒక రిపోర్ట్ స్క్రిప్టును ఆపబోయి పీకిల్ మైనస్ ఎఫ్ రిపోర్ట్ అని కొట్టాను. మైనస్ ఎఫ్ పెడితే ప్రాసెస్ పేరొక్కటే కాదు, కమాండ్ లైన్‌లో ఆ మాట ఎక్కడున్నా పట్టేస్తుంది. అందరం ఒకే అప్లికేషన్ యూజర్‌తో లాగిన్ అయ్యేవాళ్లం. పక్క సీట్లో అన్న రిపోర్ట్ కాన్ఫిగ్ తెరిచి పెట్టుకున్న ఎడిటర్ మూసుకుపోయింది. అదైనా ఫర్వాలేదు. నాలుగు గంటలుగా నడుస్తున్న బిల్లింగ్ జాబ్‌కి ఇచ్చిన ఫోల్డర్ పేరులోనూ ఆ మాటే ఉంది. తెల్లారేదాకా దాన్ని మొదటినుంచి నడిపించాం. అప్పట్నించీ ముందు అదే మాటతో, చంపకుండా జాబితా మాత్రమే చూపే పీగ్రెప్ మైనస్ ఏఎఫ్ కొట్టి, వచ్చిన ప్రతి వరుసా చదివాకే ముందుకెళ్తాను. కాసేపటి కిందట రాసిపెట్టుకున్న పీఐడీనీ నమ్మను. పాత ప్రాసెస్ ముగిసిపోయి ఆ నంబరు ఇంకోదానికి వచ్చి ఉండొచ్చు.

ఉత్త కిల్ పంపేది 15వ సిగ్నల్, అంటే ఆగిపొమ్మని అడగడం. ఫైళ్లు మూసుకోడానికి, లాక్‌లు వదలడానికి ప్రాసెస్‌కి వ్యవధి దొరుకుతుంది. ఒక అర నిమిషమైనా ఆగండి. 9ని ఏ ప్రాసెస్సూ పట్టుకోలేదు, కాదనలేదు. సగం రాసిన ఫైలు సగంలోనే ఉండిపోతుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక్క బ్యాకెండ్‌కి (ఒక కనెక్షన్‌ని చూసుకునే ప్రాసెస్‌కి) 9 కొట్టారంటే, అవన్నీ కలిసి వాడే షేర్డ్ మెమరీ చెడి ఉండొచ్చని సర్వర్ మిగతా కనెక్షన్లన్నీ తెంపేసి రికవరీలోకి పోతుంది. సేల్ నడుస్తుండగా ఆ పని అస్సలు వద్దు. క్వెరీని ఆపాలంటే పీజీ క్యాన్సిల్ బ్యాకెండ్ ఉంది, అది చాలకపోతే కనెక్షన్నే తెంపే పీజీ టెర్మినేట్ బ్యాకెండ్.

9కీ కదలకపోతే, ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్‌లో స్టేట్ చూడండి. జెడ్ అంటే అది ఎప్పుడో చచ్చింది, దాన్ని మొదలుపెట్టిన పేరెంట్ ప్రాసెస్ వచ్చి లెక్క తేల్చాలి. డీ అంటే డిస్కు కోసమో, నెట్‌వర్క్ మీది డిస్కు ఎన్ఎఫ్ఎస్ కోసమో ఎదురుచూస్తోంది, అటువైపు చూడాలి. చంపగానే కొత్త పీఐడీతో మళ్లీ లేస్తోందంటే సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ లేపుతుండొచ్చు. సిస్టమ్‌సీటీఎల్ స్టాప్‌తోనే ఆపండి.

జావా ప్రాసెస్ అయితే ఆపేముందు కిల్ మైనస్ 3 ఒకసారి కొట్టండి. అది చావదు, ఏ థ్రెడ్ (ప్రాసెస్ లోపల విడిగా నడిచే పని) ఎక్కడ ఆగిందో అవుట్‌పుట్‌లో రాసేస్తుంది. జావా కానివాటికి మాత్రం కొట్టకండి, చాలావరకు అవి చచ్చిపోతాయి. జావా అలా రాసిన డంప్ దాచి ఉంచితే, ఎందుకు బిగుసుకుందని పొద్దున టీమ్ లీడ్ అడిగినప్పుడు చూపించడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.