ప్రింటర్‌ని గోడ స్విచ్‌తో ఆపకండి

మా గుంటూరులో ఎండలు ముదిరాయంటే ఇంకు ప్రింటర్లకు గొంతు తడారిపోతుంది. ఇంకు చిమ్మే రంధ్రాలు వెంట్రుక కన్నా సన్నం. వాటిలో ఇంకు గడ్డకట్టిందా, అక్షరాల మధ్య తెల్లచారలే. అందుకే పనైపోగానే గోడ స్విచ్ కట్టేయకండి. ముందు ప్రింటర్ మీదున్న పవర్ బటన్ నొక్కండి. లోపల ఆ రంధ్రాలుండే హెడ్ ఓ చివరికి జరిగి, రబ్బరు మూత మీద కూర్చుని టక్‌మంటుంది. ఇంకును ఆరనివ్వకుండా కాపాడేది ఆ మూతే. లైటు ఆరాక గోడ స్విచ్ కట్టేయండి. మధ్యలో కరెంటు పోతే, రాగానే ఆన్ చేసి మళ్లీ బటన్‌తోనే ఆపండి. వారానికో రంగుల పేజీ కూడా తీయాలి. నేనైతే మా పాపకి బొమ్మ తీసిస్తాను. లేజర్ ప్రింటర్‌కి ఈ బాధ లేదు, అందులో వాడేది పొడి.