మాయా జేడ్‌ను ఎలా చెక్కారో తెలియాలంటే వెనక్కి తిప్పి చూడండి

మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా ప్రజలు జేడ్ అనే ఆకుపచ్చటి గట్టి రాయితో చేసిన ముసుగులు, పలకలు, చెవి కమ్మల ఫోటోలు చూసేటప్పుడు అందరి కళ్లూ ముందు వైపే పోతాయి. కానీ అక్కడ సాన పట్టి నునుపు చేయడంతో పనిముట్ల గుర్తులు చాలావరకు చెరిగిపోయి ఉంటాయి. వెనక వైపు అంత శ్రద్ధ పెట్టరు కాబట్టి చాలాసార్లు అవి అలాగే మిగులుతాయి.

చూసే ముందు ఒక్కటి గుర్తుంచుకోండి, వాళ్ల దగ్గర ఇనుము లేదు. గ్వాటెమాలాలోని మోటాగువా నది లోయలో దొరికే జేడైట్ (మాయా ప్రజలు వాడిన జేడ్ ఇదే) గట్టిదనం, రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మో కొలతలో, 6.5 నుంచి 7, అంటే మామూలు చాకుతో గీత కూడా పడదు. అందుకే నిజంగా రాయిని కోసింది చేతిలోని తాడో పలకో కాదు, దాని కింద తడిపి వేసిన ఇసుక, గట్టి రాళ్ల పొడి.

వెనక మధ్యలో గరుకుగా సన్నటి గట్టు కనిపించిందా? అటు నుంచి కొంత, ఇటు నుంచి కొంత కోసుకుంటూ వచ్చి, కాస్త మిగిలాక కొట్టి విరిచారన్నమాట. కోత అడుగు వంపు తిరిగి ఉంటే తాడుతో కోసి ఉండొచ్చు. పూసల బెజ్జం డమరుకంలా మధ్యలో సన్నబడితే రెండు వైపుల నుంచీ తొలిచారు. బొమ్మ కళ్ల చుట్టూ చక్కటి గుండ్రటి గాడి ఉంటే బోలు ఎముకో వెదురు లాంటి గొట్టమో పెట్టి తిప్పి ఉంటారు. ఇవన్నీ పక్క నుంచి వెలుతురు పడేలా తీసిన ఫోటోలో బాగా తెలుస్తాయి.

ఇక జేడ్ పని ఎక్కడ జరిగిందో తేల్చాలంటే నగలు దొరికితే చాలదు, చెత్త దొరకాలి. విరిగిన పెచ్చులు, సగం తొలిచి వదిలేసిన ముక్కలు, కోత గాట్లున్న రాళ్లు కావాలి. గ్వాటెమాలాలోనే కామినల్హుయూ అనే పాత మాయా నగరంలో మెట్ల కింద దొరికిన దాదాపు 90 కిలోల జేడ్ బండ మీద కోసుకున్న గుర్తులున్నాయి. అదే దేశంలోని మరో మాయా నగరం కంకుఎన్‌లో ఇలాంటి చెత్త సామాన్యుల ఇళ్ల దగ్గర బయటపడింది. రాయిని పగలగొట్టడం, కోయడం, తొలచడం లాంటి మొదటి పనులు వాళ్లు చేశారని, చివరి మెరుగులు పెద్దల ఇళ్లలో దిద్దారని అక్కడ తవ్విన పరిశోధకులు చెప్పారు. రాజుల సమాధుల్లోని ముసుగుల కన్నా నాకు ఈ పెచ్చులే ఎక్కువ విలువైనవి, ఎందుకంటే ఆ సామాన్యుల చేతిపని గురించి చెప్పేవి ఇవే.

ఆకుపచ్చగా ఉన్నదల్లా జేడ్ అనుకోకండి. సర్పెంటైన్ అనే రాయి కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది, కానీ మెత్తన, తేలిక. జేడైట్ సాంద్రత నీటికి సుమారు 3.3 రెట్లు, సర్పెంటైన్‌ది దాదాపు 2.6 రెట్లు. వస్తువును గాలిలో ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచితే గీత పడకుండానే తేడా తెలిసిపోతుంది.