మోతాదు అంకెల్లో సున్నా ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు

మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో, అంటే డాక్టర్లు రికార్డు చేసిన మాటలను విని టైపు చేసే పనిలో, కామా తప్పితే వాక్యం కాస్త కుంటుపడుతుంది గానీ, మందు మోతాదులో దశాంశ బిందువు కనబడకపోతే రోగికి పది రెట్లు మందు వెళ్లే ప్రమాదం ఉంది. అందువల్ల డాక్టరు "పాయింట్ ఫైవ్ మిల్లీగ్రామ్స్" అన్నప్పుడు, ఆయన సున్నా పలకకపోయినా, .5 అని కాక 0.5 అనే టైపు చేయాలి. "ఫైవ్ పాయింట్ జీరో" అన్నా సరే, మోతాదు దగ్గర 5 అని మాత్రమే రాయాలి, ఎందుకంటే మసక ప్రింటులో చుక్క చెరిగిపోతే .5 కాస్తా 5గా, 5.0 కాస్తా 50గా కనిపిస్తుంది. స్పెల్‌చెక్ ఇలాంటివాటిని పట్టుకోదు.

అయితే చివరి సున్నా రాయకూడదనే ఈ రెండో నియమాన్ని గుడ్డిగా అన్నిచోట్లా వర్తింపజేయకూడదు. ల్యాబ్ రిపోర్టులో పొటాషియం 4.0 అని చెబితే, ఆ సున్నా కొలత ఎంత కచ్చితమైనదో తెలుపుతుంది కాబట్టి దాన్ని అలాగే ఉంచాలి. స్కానింగులో కనిపించిన గడ్డ పరిమాణానికి, కాథెటర్ (శరీరంలోకి పెట్టే సన్నని గొట్టం) సైజుకు కూడా అంతే. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ రూపొందించిన వాడకూడని సంక్షిప్తాల జాబితాలోనూ ఈ మినహాయింపు ఉంది. అదే జాబితా ప్రకారం ఇన్సులిన్ మోతాదు పక్కన 'యు' (U) అనే ఒంటి ఇంగ్లీషు అక్షరం పెట్టకుండా యూనిట్లు అని పూర్తిగా రాయాలి. లేకపోతే ఆ అక్షరం సున్నాలా కనిపించి 4 యూనిట్లు 40 అయిపోవచ్చు.

డాక్టరు చెప్పింది "ఫిఫ్టీన్" అనో "ఫిఫ్టీ" అనో తేలకపోతే, గడువు ఎంత తరుముతున్నా ఊహించి నింపకుండా, అక్కడ ఖాళీ వదిలి, ఆడియోలో ఆ చోటు ఏ నిమిషంలో వస్తుందో సూచిస్తూ ఫ్లాగ్ చేయండి, అంటే సరిచూడాలని గుర్తు పెట్టండి.